బస్సు బటన్

ఆయన నన్ను తమ్మీ అని పిలిచేటోడు. సొంత తమ్ముణ్ణి పిలిచినట్టు కాదు, కిరాణా దుకాణంలో సామాను కట్టేటోణ్ణి పిలిచినట్టు. ఇప్పటికీ ఎవరన్నా ప్రేమతో తమ్మీ అంటే నాకు ఒళ్లు మండుతది. మంచి మాటను నాకు పనికిరాకుండ చేసింది ఆయనే.

తొంభైల మొదట్ల సంగారెడ్డిలో, ఒక బట్టల దుకాణం మీది అంతస్తులో ఆయనకు కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ ఉండె. చెప్పులు బయట విడిచి లోపలికి పోవాలె. ఏసీ కంప్యూటర్లకు, కిటికీ మాకు. నేను అక్కడ డీబేస్, ఫాక్స్‌ప్రో అనే అప్పటి ప్రోగ్రాం భాషలు చెప్పేటోణ్ణి. క్లాసులు లేనప్పుడు కంపెనీలకు ప్రోగ్రాంలు రాసేటోణ్ణి. ఆయనకు ప్రోగ్రాం రాయడం రాదు. రాదని ఒక్కసారి ఒప్పుకొని ఉంటే నేను ఇయ్యాల ఇదంత రాయకపోదును. వచ్చిన ప్రతి మేనేజరుతో "ఆలోచన నాది, టైపింగ్ తమ్మీది" అనేటోడు. నేను పక్కన నిలబడి ఉన్నప్పుడు గూడ.

పటాన్‌చెరు దిక్కున ఉన్న ఒక మందుల కంపెనీ హాజరు లెక్కకు ప్రోగ్రాం కావాలన్నది. మా నాయిన అందులోనే లోడింగ్ పని చేసేటోడు. గేటు పక్కన చెక్క పలక, పలకకు మేకులు, ఒక్కో మేకుకు నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ. పనిలోకి వచ్చినోళ్లు తమ బిళ్ళ తీసి డబ్బాలో వేస్తరు. సైరన్ మోగినంక ఆ డబ్బా మూస్తరు. ఆ తర్వాత వచ్చినోళ్లంతా లేటు. టైమ్ ఆఫీసు గుమస్తా ఆ నంబర్లు కంప్యూటర్‌లో కొడతడు. ఇంతే గదా అనుకొని ప్రోగ్రాం రాసిచ్చిన. కొన్నాళ్లకే గుమస్తా ఫోన్ చేసి, మీ ప్రోగ్రాం మంచోళ్లను గూడ లేటు చూపిస్తున్నది, పనోళ్లు నా మీదికి వస్తున్నరు అన్నడు.

ఇన్‌స్టిట్యూట్ సారు అయితే గుమస్తాకే నంబర్లు కొట్టుడు రాదని తేల్చేసిండు. నేను పోయి గేటు దగ్గర కూచున్న. అప్పుడు తెలిసింది. సంగారెడ్డి నుంచి వచ్చే బస్సు లేటయితే ఆ బస్సు దిగినోళ్లు ఎవ్వరూ లేటు కాదు. ఇది ఏ రూలులోనూ లేదు, కంపెనీ పెట్టిన కాడి నుంచి నడుస్తున్నది. కందిలో, రుద్రారంలో ఎక్కినోళ్లు, చిట్కుల్ నుంచి నడిచొచ్చి రోడ్డు మీద పట్టుకున్నోళ్లు, అందరూ ఒక గుంపుగా గేటుకు వస్తరు. వాచ్‌మన్ "బస్సేనా?" అంటడు. "బస్సే" అంటరు. వాళ్ల బిళ్ళలు వేరే డబ్బాలో పడతయి. ఒక్కడే వచ్చి బస్సు లేటయింది అంటే నడవది. గుంపు ఉంటేనే బస్సు. నేను చూస్తుండంగనే ఒకడు సైకిల్ గోడకు ఆనిచ్చి మెల్లగ ఆ గుంపులో కలిసి తనూ బస్సే అన్నడు. వాచ్‌మన్ వాని ప్యాంటు వంక చూసి, "నీ బస్సుకు చైను గూడ ఉన్నట్టుంది గదరా, కాలికి గ్రీజు అంటింది" అన్నడు.

సంగారెడ్డికి వచ్చి ఎఫ్-సెవెన్ కీ మీద బస్సు అని ఒక లెక్క పెట్టిన. ఆ కీ నొక్కి కొట్టిన నంబర్లకు, మనిషి వచ్చిన టైం కాదు, షిఫ్టు మొదలైన టైం పడుతది. రాత్రి షిఫ్టు బస్సు మరీ ఆలస్యమైతే తారీఖు మారిపోయేది. ఆ హాజరును ముందటి రోజులో వేసే లెక్క గూడ అందులోనే రాసిన. రాత్రి షిఫ్టోళ్లు ఎట్లయినా ఒక తారీఖున వచ్చి ఇంకో తారీఖున పోతరు గనక, బస్సు లేటయినా కాకున్నా వాళ్ల హాజరంతా ఆ దారినే పోనిచ్చిన. అది మోటు పని అని తర్వాత చాలామంది అన్నరు. అననీ. ఒక్కనాడు గూడ తప్పు లెక్క చెప్పలేదు.

మొదటి తెర మీద, కంపెనీ పేరు కింద, చిన్న అక్షరాలతో నా పేరు, మా ఊరి పేరు వేసుకున్న. అప్పటిదాకా పెండ్లి పత్రికలో తప్ప నా పేరు ఎక్కడా చూసి ఎరుగను. మా నాయిన టైమ్ ఆఫీసు కిటికీలో నుంచి తొంగి చూసి, గుమస్తాతో చదివించుకొని, ఇంటికి వచ్చి చెప్పిండు. ఆ తర్వాత తన బిళ్ళ డబ్బాలో వేసినప్పుడల్లా కిటికీ దాకా పోయి చూసి వచ్చేటోడని గుమస్తా అన్నడు.

ప్రోగ్రాం బాగ నడుస్తున్నదని తెలిసి సారు ఫ్లాపీల మీద కాపీలు తీసి పాశమైలారం, బొల్లారం కంపెనీలకు ఇచ్చుడు మొదలుపెట్టిండు. దుమ్ము పడకుండ టిఫిన్ డబ్బాలో ఫ్లాపీలు పెట్టుకొని బస్సులు మారుకుంట పోయేది నేను. ఒకళ్లకు క్యాంటీన్ టికెట్ల లెక్క కావాలె, ఇంకొకళ్లకు కాంట్రాక్టరు వారీగా పనోళ్లు కావాలె. అక్కడే కూచొని మార్చి ఇచ్చి వచ్చేటోణ్ణి. ఒకరోజు పాశమైలారంలో, నేను అంతకుముందు పోని ఒక కంపెనీ నుంచి పిలుపు వచ్చింది. పోయి కంప్యూటర్ ఆన్ చేస్తే నా తెరే. నా గీతలు, నా రంగులు. కింద మాత్రం రూపకల్పన అని సారు బామ్మర్ది పేరు ఉంది. ఆ బామ్మర్ది ఇన్‌స్టిట్యూట్‌లో ఫీజులు వసూలు చేసేటోడు. ఒకసారి ఫ్లాపీ తలకిందులు పెట్టి, లోపలికి పోతలేదని కంప్యూటర్‌ను తల్లి మీద తిట్టినోడు.

సంగారెడ్డికి వచ్చి సారును అడిగిన. ఆయన చాయ తాగుతున్నడు, కప్పు గూడ కింద పెట్టలేదు.

"ఇల్లు కట్టిన మేస్త్రి పేరు దర్వాజ మీద రాస్తరా తమ్మీ?"

"రాయరు. ఇంటాయన బామ్మర్ది పేరు గూడ రాయరు."

గదిలో ఉన్నోళ్లు ఒకరిద్దరు నవ్విండ్రు. అది ఆయన మరువలేదు. నేనూ మరువలేదు. ఆ వారమే మందుల కంపెనీకి బామ్మర్దిని పంపి, అక్కడి తెర మీద గూడ నా పేరు తీయించి వాని పేరు పెట్టించిండు. నాకు ఎవ్వరూ చెప్పలేదు. మా నాయిన పొద్దున డ్యూటీ నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంట, "కిటికీలో వేరే పేరు ఉందట గదరా, నువ్వు ఏం తప్పు చేసినవ్?" అని అడిగిండు. తప్పు చేస్తేనే పేరు తీస్తరని ఆయన అనుకున్నడు. కంపెనీలో ఆయన చూసింది అదే. నేను తప్పేం చేయలేదంటే తల ఊపిండు గానీ, నమ్మినట్టు అనిపించలేదు. ఆ తర్వాత కిటికీ దగ్గరికి పోవుడు బందు పెట్టిండు.

జీతం ఇయ్యలేదని నేను ఎన్నడూ అనలేదు. నా లొల్లి జీతం గురించి కాదు. ఇన్‌స్టిట్యూట్ విడిచి, పటాన్‌చెరులో వాల్వులు చేసే కంపెనీలో కంప్యూటర్ సెక్షన్‌లో చేరిన. సారు హైదరాబాదులో అద్దాల ఆఫీసు తీసిండు. ఇన్‌స్టిట్యూట్ పాతోళ్లందరినీ పిలిచి, నన్ను పిలువలేదు. ఒక పెండ్లిలో కనబడితే, పక్కాయనకు నన్ను "ఒకప్పుడు మా దగ్గర టైపింగ్ చేసేటోడు" అని పరిచయం చేసిండు. ఆ పెండ్లిలో నేను అన్నం ముట్టకుండ వచ్చిన.

ఏండ్లు గడిచి ఇంటర్నెట్ వచ్చినంక, సారు మా కంపెనీకే వచ్చిండు. పాత హాజరు ప్రోగ్రాంను వెబ్ మీద నడిచేటట్టు మార్పించి, ఊరూరా అమ్ముతున్నడు. మీటింగ్ గదిలో గోడ మీద వేసి చూపిస్తుంటే నేను చివరి కుర్చీలో కూచున్న. నన్ను చూసి తలకాయ ఊపిండు, అంతే. తెల్లటి పేజీ, నీలం గీతలు, మీద ఆయన కంపెనీ పేరు. మూలకు ఒక బటన్. దాని మీద బస్ అని ఉంది.

మా పర్సనెల్ మేనేజరు పుణె నుంచి వచ్చినాయన. ఆ బటన్ ఎందుకు అని అడిగిండు. సారు కొంచెం గూడ తడబడకుండ, అది పెద్ద కంపెనీలలో మూకుమ్మడిగ హాజరు వేసే విదేశీ పద్ధతి అని చెప్పిండు. విదేశం అంట. కంది, రుద్రారం, చిట్కుల్. నేను బల్ల మీది నీళ్ల గ్లాసు వంక చూసుకుంట కూచున్న. మనకు సొంత బస్సులు ఉన్నయి, ఈ బటన్ వద్దు, తీసేయండి అన్నడు మేనేజరు. చిటికెల పని సార్ అన్నడు సారు.

బటన్ తీసేసి మా కంపెనీకి అమ్మిండ్రు. ప్రోగ్రాం మొదలైనంక రాత్రి షిఫ్టు మొత్తం గైరుహాజరు అని వచ్చింది, వాళ్ల హాజరు లెక్క ఆ బస్సులోనే ఉండె గద. పొద్దున గేటు దగ్గర లొల్లి. సారు తన దగ్గర పనిచేసే ఒక అమ్మాయిని పంపిండు. ఆమె నా బల్ల పక్కన కూచొని చాలాసేపు వెతికి, చివరికి నన్నే అడిగింది.

"సార్, ఈ బస్ ఏంది? పాత ఫాక్స్‌ప్రోలో ఉంటే అర్థంగాక, ఉన్నది ఉన్నట్టే దించినం."

"మీ సారును అడుగమ్మా. ఆయన ఆలోచనే."

ఆమె మీద నాకు కోపం లేదు. అయినా చెప్పలేదు. పనోళ్లు ఏం పాపం చేసిండ్రు అని, రాత్రి షిఫ్టు హాజరు మాత్రం నేనే చేత్తో ఎక్కించిన. ప్రోగ్రాంను మాత్రం ముట్టలేదు. మర్నాడు సారే వచ్చిండు. జుట్టు నెరిసింది, చొక్కా ఖరీదైనది, పిలుపు మాత్రం మారలేదు.

"తమ్మీ, జెర చూడు. నువ్వు రాసిందే గద."

అంతకాలంలో ఆ మాట ఆయన నోట వినుడు అదే మొదలు. గదిలో మేమిద్దరమే ఉన్నం. అందుకే అన్నడు.

"నేను రాసిందే అయితే ముందు పేజీ మీద నా పేరు పెట్టు. గంటలో చేసిస్త."

"పేజీకి డిజైన్ అని ఒకటి ఉంటది. అక్కడ పేరు పెడితే బాగుండది."

"మీ బామ్మర్ది పేరు బాగుండె గద."

చివరి పేజీలో కృతజ్ఞతలు అని ఒక చోటు ఉంటది, పదిమందిలో నీ పేరు గూడ వేయిస్తా అన్నడు. పదిమందిలో వద్దు అన్న. ఇంత పంతం ఎందుకు, పేరుతోని కడుపు నిండుతదా అన్నడు. పేరుతోని కడుపు నిండకపోతే నాది ఎందుకు తీసినవు అని అడిగిన. లేచి పోయిండు.

వాళ్లు ఎంత తిప్పలుపడ్డా బస్సు బటన్ లేకుండ రాత్రి షిఫ్టు నడువలేదు. మళ్లీ పెట్టిండ్రు. కానీ మేనేజరుకు కనబడొద్దు గద, బటన్‌కు పేజీ తెలుపే వేసిండ్రు. మూలకు ఖాళీ జాగా తీరుగ ఉంటది. మౌస్ అక్కడికి పోతే బాణం చెయ్యి గుర్తు అయితది, అట్ల పట్టిన.

వానకాలంలో ఒకరోజు ఇస్నాపూర్ చౌరస్తా దగ్గర లారీ అడ్డంపడి కంపెనీ బస్సు ఆలస్యంగ వచ్చింది. గేటు కాడ కొత్తగ వచ్చిన బీహార్ సెక్యూరిటీకి మన పద్ధతి తెల్వదు, అందరినీ లేటు రాసిండు. నేను గేటు కంప్యూటర్ ముందట కూచొని ఆ తెల్లటి జాగా మీద నొక్కి, వాళ్ల నంబర్లు కొట్టిన. అందరూ టైముకే వచ్చినట్టు పడ్డది. ఎట్ల అయింది అని మేనేజరు అడిగితే, విదేశీ పద్ధతి సార్ అని చెప్పిన.

ఆ ప్రోగ్రాంలో ఫిర్యాదులకు ఒక పేజీ ఉంది. అక్కడ రాస్తే హైదరాబాదు ఆఫీసుకు పోతది, పని అయినంక వాళ్లు దాన్ని మూస్తరు. మొదటి పేజీ మీద తయారుచేసినోని పేరు లేదు అని నేను రాసిన. పరిష్కరించినం అని మూసిండ్రు. చూస్తే పేరు లేదు. మళ్లీ తెరిచిన. మళ్లీ మూసిండ్రు. మా నాయిన అప్పటికి రిటైర్ అయి ఇంట్లనే ఉంటున్నడు. అన్నం తినుకుంట అప్పుడప్పుడు అడుగుతడు, పేరు పెట్టిండా అని. పెట్టలే అంట నేను. నువ్వు తప్పు చేయలేదన్నవు గద అంటడు. చేయలే అంట. చెయ్యి కడుక్కొని పండుకుంట. పొద్దున కంపెనీకి పోంగనే ఆ ఫిర్యాదు మళ్లీ తెరుస్త.