జానకి, రోహిణీ నక్షత్రం

ఎమ్మిగనూరు నేతగేరి వీధిలో తులసీబాయిని ఎరగనివాళ్లు లేరు. హైస్కూలు హిందీ పండితుడు నరహరి భార్య. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. అలాంటి మనిషి డెబ్బై ఎనిమిదో సంవత్సరం శ్రావణం నుంచి నోరు కట్టేసుకుని కూర్చుంది.

ఆమెకు ఒక్కడే తమ్ముడు, దత్తాత్రేయ. తల్లి పోయాక తనే పెంచింది. పదో తరగతి తప్పినాడని నరహరి నలుగురిలో చెంప మీద కొడితే, వాడు ఆ సాయంత్రమే ఇల్లు విడిచిపోయినాడు. తొమ్మిదేళ్లయింది. అప్పటినుంచి ప్రతి గురువారం మఠంలో వాడి పేర అర్చన. అక్కడ అర్చన చేసే ఆచార్యులకు చెవుడు. అందుకని గోత్రం, నక్షత్రం, పేరు మఠమంతా వినబడేలా చెప్పేది.

"కాశ్యప గోత్రం, స్వాతీ నక్షత్రం, దత్తాత్రేయ! వాడు ఇల్లు చేరాల స్వామీ!"

దేవుని దగ్గర దాపరికమేమిటి? కానీ అక్కడ దేవుడొక్కడే వింటున్నాడనుకుంది పిచ్చితల్లి.

ఆ శ్రావణంలో ఒక మధ్యాహ్నం, నరహరి బడికి పోయిన వేళ, నుదుట అంగారం బొట్టు, చేతిలో మంత్రాక్షతల పొట్లంతో ఒకాయన గడప ముందు నిలబడినాడు.

"నన్ను పాండురంగయ్య అంటారు. పండరిపురం నుంచి వస్తాండాను. కాశ్యప గోత్రం, స్వాతీ నక్షత్రం, దత్తాత్రేయ మీ తమ్ముడే గదా?"

తులసీబాయి గడప దాటి ఎదురొచ్చింది. "బతికుండాడా! మా ఆయన మీద కోపం ఇంకా పోలేదా వానికి?"

అంతే, వచ్చినవాడికి కావలసిన తాళంచెవి తనే తీసి చేతికిచ్చింది.

"అదే గదక్కా. బావకు తెలిస్తే కాశీకి పోతానంటాడు" అన్నాడు వాడు. చేతిలో తులసిదళం పెట్టి, ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకున్నాడు. తమ్ముని జబ్బు పేరు చెప్పి, వైద్యానికని రెండు బంగారు గాజులు పట్టుకుపోయినాడు.

ఇక ఆమె అవస్థ పగవాళ్లకు కూడా వద్దు. గాజులేవని నరహరి అడిగితే, మెరుగుకిచ్చినానంది. నెల తిరక్కుండా వాడు మళ్లీ వచ్చి కమ్మలడిగినాడు. తమ్మునితో ఒక్క ఉత్తరమైనా రాయించుకు రాకూడదా అంటే, మౌనవ్రతంలో ఉన్నాడన్నాడు. మౌనం నోటికి గానీ చేతికి కాదు గదా! ఆ మాట కమ్మలు ఇచ్చేసినాక తట్టింది. చెబితే ఒట్టు తప్పి తమ్మునికేమవుతుందో. చెప్పకపోతే ఇల్లు గుల్ల. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అన్నం సయించదు. వీధి తలుపు చప్పుడైతే చాలు, వాడేమోనని భయం. వాడు కాకపోతే తమ్ముని కబురు రాలేదని దిగులు.

కూర్చుని ఒక్కొక్క మాటా తలచుకుంది. వాడు చెప్పినవన్నీ మఠంలో తను అరిచినవీ, గడపలో తను ఒలకబోసుకున్నవీ. తమ్ముణ్ణి ఇంట్లో ఏమని పిలుస్తారో వాడు అనలేదు. మోచేతి మీది కాలిన మచ్చ ఊసెత్తలేదు.

గురువారం అర్చనలో ఇంకొక పేరు కలిపింది. "వాని భార్య జానకి, రోహిణీ నక్షత్రం!"

అలాంటి మనిషే లేదు. దేవుని ముందు అబద్ధమాడినందుకు చెంపలేసుకుంది. పాండురంగయ్య మాత్రం ఆ పేరు ఎత్తకూడదని ఎన్ని మొక్కులు మొక్కిందో! ఎత్తకపోతే తమ్ముడు బతికున్నట్లేనని ఆమె ఆశ.

పదిరోజులకు వాడు వచ్చి పడసాలలో కూర్చున్నాడు. "ఇన్నాళ్లు నీకు చెప్పలేదక్కా. వానికి పెండ్లయింది. జానకి అని, బంగారం లాంటి పిల్ల. ఇప్పుడు నీళ్లోసుకుంది. నీ కాసులపేరు ఇస్తే..."

ఒక్క క్షణం తులసీబాయి ముఖం విప్పారింది. మరదలు! పుట్టబోయే మేనల్లుడు! ఆ తర్వాత ఆ పేరు తనే కల్పించిందని గుర్తొచ్చింది.

"ఉండప్పా, తెస్తా" అని లేచింది. పెరటి తలుపుకు ఎప్పుడూ తాళం వేసే ఉంటుంది. వీధిలోకి వచ్చి, బయట గొళ్లెం పెట్టి, ఎదురింటి నేతగాణ్ణి కేకేసింది.

"బసన్నా! రాప్పా! ఇంట్లో దొంగుండాడు!"

మగ్గం ఆగింది. బసన్న పరుగున వచ్చినాడు. "ఏం దోసినాడమ్మా? సెప్పు!"

"నా తమ్ముణ్ణి" అని వీధి మధ్యలోనే బావురుమంది.

కమ్మలు దొరికినాయి. గాజులు అప్పటికే కరిగిపోయినాయి. మొగుడు కేకలేస్తాడనుకుంది. నరహరి మాత్రం అంతా విని, ఆనాడు కొట్టిన తన కుడిచేతిని చూసుకుంటూ కూర్చున్నాడు.

తర్వాతి గురువారం నుంచి మఠంలో ఆమె గొంతు వినబడలేదు. చీటీ రాసి ఆచార్యుల చేతిలో పెట్టేది. మొదటి చీటీ రాసిననాడు తమ్ముని గోత్రం, నక్షత్రం, పేరు రాసింది. ఆ కిందనే జానకి, రోహిణీ నక్షత్రం అని కూడా రాసింది. వాడు యాడున్నా ఒంటిగా ఉండకూడదు గదా.