ప్లగ్ పీకి చూపించమన్న ఆంటీ

"మీ ఆంటీ పోయిందమ్మా" అని సోమవారం పొద్దున్నే కెనడాలోని సస్కటూన్ నుంచి అంకుల్ ఫోన్ చేశారు. గుండెపోటట. చదువుకి వచ్చిన కొత్తలో నేనూ మరో ముగ్గురు అమ్మాయిలూ అద్దెకున్న బేస్‌మెంట్ వాళ్ళదే. ఆంటీది కర్నూలు. విత్తనాలు వేసే యంత్రాల్లో ఉండే చిన్న కంప్యూటర్లకు లినక్స్ సిస్టం తయారుచేయడం ఆవిడ ఉద్యోగం. నేనూ అదే నేర్చుకోవాలనుకుంటున్నానని తెలిశాక ఆదివారాలు పైకి పిలిచేవారు. ఒకపక్క పప్పు ఉడుకుతుంటే వంటింటి బల్ల మీదే పాఠం.

నేను చేసిన మొదటి ఇమేజ్‌లో, అంటే యంత్రంలోకి ఎక్కించే సాఫ్ట్‌వేర్ అంతా ఉన్న ఫైలులో, అన్నిటికీ కలిపి మెమరీలో ఒకటే భాగం, ఒకటే పార్టిషన్. ఆంటీ చూసి నవ్వారు.

"అందర్నీ ఒకే రూములో పడేస్తే ఎట్లమ్మా? సిస్టంకి రెండు పోర్షన్లు కట్టు. ఒకదాంట్లో పాతది నడుస్తా ఉంటాది, అప్‌డేట్ వచ్చి రెండోదాంట్లో దిగుతాది. కొత్తది సరిగా లేచేదాకా పాతదాన్ని ఖాళీ చేయించొద్దు. రైతు సెట్టింగులకు వేరే గది, దాని జోలికి ఎవరూ పోకూడదు."

ఇంటి ఓనరు కదా, పోలికలన్నీ అద్దె ఇళ్ళవే.

అప్‌డేట్ సగంలో ఉండగా చెప్పాపెట్టకుండా ప్లగ్ పీకేవారు. నాకు ఒళ్ళు మండేది. "పొలంలో రైతు ఇంజన్ ఆపేటప్పుడు నిన్ను అడిగి ఆపుతాడా?" అనేవారు. మళ్ళీ మొదలుపెట్టేదాన్ని.

నా చదువు అయ్యేసరికి ఊరు నిండా మాలాంటి విద్యార్థులే. కాఫీ షాపులో పార్ట్‌టైమ్‌కి కూడా పోటీ. అప్పుడు ఒక వ్యవసాయ యంత్రాల కంపెనీ డెమోకి పిలిచింది. అది పోతే, ఇక్కడ పనిచేసుకోవడానికి ఇచ్చిన పర్మిట్ అయిపోయేలోగా ఇంకో ఉద్యోగం దొరుకుతుందన్న ఆశ లేదు.

"ఏం చెప్పాలి ఆంటీ?"

"ఏమీ చెప్పొద్దు. వాళ్ళు అడిగేలోపు నువ్వే ప్లగ్ పీకు."

డెమోలో అప్‌డేట్ సగంలో ఉండగా పీకాను. స్క్రీన్ నల్లబడింది. మళ్ళీ పెట్టాను. పాత సిస్టం లేచింది, సెట్టింగులు ఎక్కడివక్కడే ఉన్నాయి. అప్‌డేట్ మళ్ళీ మొదలైంది. వాళ్ళలో పెద్దాయన లేచి, ఈసారి తను పీకి చూస్తానన్నాడు. ఉద్యోగం నాదేనని అప్పుడే తెలిసిపోయింది.

ఇవాళ నేను చేసే పనిలో ఆవిడ నేర్పనిది చాలా తక్కువ. ఆ మాట ఆవిడతో ఎన్నోసార్లు అన్నాను. "సరేలే, అన్నం తిను" అనేవారు. కృతజ్ఞత చెప్పుకోలేదన్న బాధ నాకు లేదు. ఆవిడ లేరన్నదే బాధ.

ఆ డెమో రోజు బస్సులో వస్తానని చెప్పినా, కంపెనీ బయటికి రాగానే పార్కింగ్‌లో ఆంటీ కారు కనిపించింది. పైకప్పు మీద మంచు మందంగా పేరుకుంది. లోపల ఆవిరి పట్టిన అద్దాన్ని చేత్తో గుండ్రంగా తుడుచుకుని, అందులోంచి చూస్తున్నారు. నేను వచ్చింది పక్క తలుపులోంచి. ఆవిడ ఇంకా పెద్ద తలుపు వైపే చూస్తున్నారు.