ఎత్తు చూరు పాక

మా వేపు ‘ఆయ్’ అనే మాట ఒకటుంది. బయటివాళ్ళు దాన్ని ‘అవును’ అనుకుంటారు. సగమే నిజం. పొట్టిగా అంటే అవునని. కాస్త సాగదీసి అంటే, మీరు చెప్పింది విన్నానండీ అని మాత్రమే. సాగదీసి ఆ తర్వాత నేలకేసి చూశారంటే, మీరు పెద్దవారు కాబట్టి ఎదురు చెప్పడం లేదు గానీ అది కుదిరే పని కాదని. ఈ తేడా కోనసీమలో పాలు తాగే పిల్లలకి తప్ప అందరికీ తెలుసు. నాకూ తెలుసు. తెలియదని తప్పించుకునే దారి నాకు లేదు.

డెబ్బైల చివర్లో నేను ఎనిమిదో తరగతి చదువుతున్నాను. దసరా సెలవుల్లో మా హైస్కూలుకి హైదరాబాదు నుంచి ముగ్గురు వచ్చారు, ఇద్దరు మగవాళ్ళు, ఒకావిడ. ఇళ్ళకి ప్లాన్లు గీసే చదువు చదివినవాళ్ళట. ఎవరూ పిలవకుండానే, సెలవు పెట్టుకుని, పిల్లలచేత ఏదైనా స్వయంగా కట్టించాలని బస్సెక్కి వచ్చారు. హెడ్మాస్టారు వాళ్ళని ఇంజనీర్లని పరిచయం చేస్తే, కాదండీ, ఆర్కిటెక్టులం అని సరిదిద్దారు. ఆ మాటకి మా నోరు తిరగలేదు. వాళ్ళలో పెద్దాయనకి ప్లాను మాస్టారు అని పేరు పెట్టేశాం.

మొదటి రెండు రోజులూ కొబ్బరి ఈనెలు, బంకమట్టి ఉండలతోనే సరిపోయింది. ఈనెల్ని మట్టి ఉండల్లో గుచ్చి గోడలు, కప్పులు కట్టాలి. అందరిలోకీ బాగున్న నమూనాని బడి ఆవరణలో నిజంగా కడదామనీ, అందులో కూర్చుని పుస్తకాలు చదువుకోవచ్చనీ ప్లాను మాస్టారు చెప్పారు. మగపిల్లలు మేడలు మొదలుపెట్టారు. అవి సాయంత్రానికల్లా నడుం విరిగి పడుకున్నాయి.

నేను పాక కట్టాను. రాజోలుకి దిగువన, సముద్రం హోరు వినపడేంత దూరంలో మాది తాటాకిల్లు. చూరు రొమ్ము ఎత్తుకి దిగి ఉండేది. లోపలికి రావాలంటే ఎంతటివాళ్ళయినా వంగాల్సిందే. మా నాన్న తాటాకు కప్పులు నేసేవాడు. చుట్టుపక్కల ఊళ్ళలో సగం కప్పులు ఆయన చేతివే. అంత పనివాడూ రైతుల ఇళ్ళకి వెళ్తే పెరటి గుమ్మం దగ్గర వంగి నిలబడేవాడు. ఇంటికొచ్చి మళ్ళీ వంగేవాడు. ఆ వంగడం చూస్తే నాకు ఒళ్ళు మండేది. అందుకని నా ఈనెల పాకకి చూరు బాగా ఎత్తులో పెట్టాను. మా నాన్న తలపాగాతో సహా నిటారుగా లోపలికి నడిచేంత ఎత్తులో.

ప్లాను మాస్టారు నాదే ఎంచుకున్నారు. నేలమీద కాళ్ళు ఆనలేదంటారే, అలా అయింది నా పని.

మర్నాడు కట్లు నేర్పడానికి హెడ్మాస్టారు మా నాన్నకి కబురు పెట్టారని తెలిసేసరికి ఆ సంబరమంతా ఎగిరిపోయింది. మాసిన పంచెతో, నారకట్ట భుజాన వేసుకుని ఆయన నా తోటిపిల్లల ముందుకి వస్తాడంటే సిగ్గుతో చచ్చిపోయాను. ఇది కూడా దాచను. ఆయన వచ్చాడు. తడిపిన తాటినారతో వాసాన్ని గుంజకి ఎలా బిగించాలో చేసి చూపించాడు. ప్లాను మాస్టారు ఎన్నిసార్లు కట్టినా ఆ కట్టు జారిపోతుంటే పిల్లలు పగలబడి నవ్వారు. నాన్న నవ్వలేదు. మాస్టారి వేళ్ళు పట్టుకుని, చిన్నపిల్లాడి చేత ఓనమాలు దిద్దించినట్టు కట్టించాడు. అప్పుడు ప్లాను మాస్టారు, “మేస్త్రిగారూ, మీరు మా కాలేజీకి రావాలి” అన్నారు. మా నాన్నని గారు అని పిలవడం నేను వినడం అదే మొదలు. ఆ పూటంతా ఆ ముగ్గురూ నా కళ్ళకి దేవుళ్ళలాగే కనిపించారు.

గుంజలు పాతే రోజు వచ్చింది. నా నమూనా బల్లమీద ఉంది. నాన్న దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు. తర్వాత, “సముద్రం వేపు చూరు కాస్త దించుకుంటే బాగుంటుందేమోనండీ. కింద నించి గాలి దూరిందంటే కప్పు ఆగదండీ” అన్నాడు.

మా నాన్న ఒక పెద్దమనిషి ముందు అంత పొడుగు మాట మాట్లాడటం నేనెప్పుడూ చూడలేదు. ప్లాను మాస్టారు కొట్టిపారేయలేదు. ఓపిగ్గా వివరించారు. చూరు ఎత్తులో ఉంటే వెలుతురు వస్తుంది, గాలి ఆడుతుంది, గుంజలు లోతుగా పాతితే సరిపోతుంది, అన్నిటికీ మించి బడిలోకి ఎవరూ తలవంచుకుని రాకూడదు. చెప్పేవాడికి వినేవాడు లోకువ. నాన్న చేతులు కట్టుకుని అంతా విన్నాడు.

“ఆయ్” అన్నాడు, సాగదీసి.

ప్లాను మాస్టారు ఇంకా ఉత్సాహంగా సుద్దముక్కతో గచ్చు మీద బొమ్మ గీసి బాణాలు పెట్టి గాలి ఎటు నించి ఎటు పోతుందో చూపించారు. నాన్న ఆ బాణాలకేసి చూస్తూ, “ఆయ్. అలాగంటారా అండీ” అన్నాడు. మా వేపు కాదని చెప్పడానికి ఇంతకన్నా గట్టి మాట లేదు.

ప్లాను మాస్టారు తెలివితక్కువ మనిషి కాదు. ఎక్కడో ఏదో తేడాగా ఉందని ఆయనకి అనిపించింది. నా వేపు తిరిగి, “నువ్వు చెప్పమ్మా, మీ నాన్నగారికిది సమ్మతమేనా?” అని అడిగారు.

నాన్న తలెత్తి నాకేసి చూశాడు.

కాదండీ అంటే సరిపోయేది. కానీ అలా అంటే నా పాక పోతుంది, చూరు దిగుతుంది, అందరూ మళ్ళీ వంగుతారు. “ఆయ్, సమ్మతమేనండీ. బాగుందంటున్నారు” అన్నాను. నాది పొట్టి ‘ఆయ్’.

తర్వాత నాన్న పనిలోకి దిగాడు. అందరికంటే ఎక్కువగా ఆయనే పని చేశాడు. సముద్రం వేపు గుంజలకి ఒక కట్టు చాలినచోట మూడు వేశాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. నేను అసలే అడగలేదు. పాక తయారైన రోజు ఉతికిన చొక్కా తొడుక్కుని వచ్చి, తలపాగాతో నిటారుగా లోపలికి నడిచాడు. నేను పక్కనే నిలబడి చూశాను. నా జన్మకి ఇది చాలనుకున్నాను.

అది ఒక నెల నిలిచింది. నవంబరులో తుఫాను పట్టింది. పొద్దున్నే బడి వదిలేశారు. మధ్యాహ్నానికి కొబ్బరిచెట్లు నేలకి వంగి లేస్తున్నాయి. మా ఇల్లు మాత్రం నేలకి అతుక్కుని గాలిని మీదనించి పోనిచ్చింది. నాన్న గుమ్మంలోంచి బడివేపు చూస్తూ కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. తర్వాత తాడుచుట్ట తీసుకున్నాడు. అమ్మ అడ్డం పడింది. బడి పాక బడివాళ్ళు చూసుకుంటారు, నీకెందుకంది. “బడిది కాదే, పిల్లది. మనసుపడి చేసుకుంది” అని వెళ్ళిపోయాడు. నేను వద్దు నాన్నా అనలేదు. పాక నిలవాలని లోపల ప్రార్థన చేసుకుంటున్నాను. పాక గురించే చేశాను, నాన్న గురించి కాదు.

బడి పక్కింటివాళ్ళు చూశారట. ఆయన రెండో గుంజకి తాడు బిగిస్తుండగా చూరు కిందకి గాలి దూరి, కప్పు గొడుగు తిరగబడ్డట్టు లేచింది. గుంజ పెకిలి ఆయన కుడిచేతి మీద పడింది. మంచం మీద మోసుకొచ్చారు. రోడ్లు తెరిచాక అమలాపురం ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఎముక అతుకుతుంది గానీ నరం తెగిందని డాక్టరుగారు ముందే చెప్పారు. అలాగే అయింది. చెయ్యి నయమైంది, వేళ్ళు మాత్రం మూసుకోలేదు. మూసుకోని వేళ్ళతో కప్పు నేయడం కుదరదు. అమ్మ అంబాజీపేటలో కొబ్బరికాయలు ఒలిచే పనికి వెళ్ళింది. నన్ను మాత్రం బడి మానిపించలేదు.

సంగతి తెలిసి ప్లాను మాస్టారు వచ్చారు. మా ఇంట్లోకి వంగి వచ్చి, చాపమీద కూర్చుని ఏడ్చారు. ఒక్కమాట గట్టిగా చెప్పి ఉంటే ఆపేసేవాణ్ణి కదా మేస్త్రిగారూ అన్నారు. “గాలి ముందుగా ఎవరికి చెప్పి వస్తాదండీ, ఊరుకోండి” అని నాన్నే ఆయన్ని ఓదార్చాడు. నేను తలుపు వెనక నిలబడి ఉన్నాను. పిలుస్తారేమోనని భయం. నాన్న నా పేరెత్తలేదు. తర్వాత ప్లాను మాస్టారి దగ్గర్నించి నాకు ఉత్తరాలు వచ్చాయి, బాగా చదువుకోమనీ, నీలో మంచి ఆర్కిటెక్టు ఉందనీ. ఒక్కదానికీ జవాబు రాయలేదు. ఏ మొహంతో రాయను?

ట్రైనింగు అయ్యి టీచరునయ్యాను. ఎనభైల మధ్యలో నాన్న మంచం పట్టాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయన చేతి గోళ్ళు తీస్తున్నాను. ఎడంచేతి గోళ్ళు ఆయన తీసుకోలేడు, కుడిచేతివి తీసుకునేటంత ఓపిక లేదు. ఏడెనిమిదేళ్ళు మింగుతూ వచ్చిన మాట అప్పుడు బయటికి వచ్చేసింది. ఆవేళ నీ ‘ఆయ్’ ఏమిటో నాకు తెలుసు నాన్నా, తెలిసే అబద్ధం చెప్పాను అన్నాను. ఆయన తిడితే బాగుండునని ఎంత ఆశపడ్డానో.

“నాకు తెలుసమ్మా” అన్నాడు. “నువ్వు చెప్తావేమోనని కాసేపు నీ మొహమే చూసేను. ఎంత ఆశగా ఉన్నావో కనపడింది. ఇంక నేనేం కాదంటాను.”

 ఆయన చెయ్యి నా ఒళ్ళో అలాగే తెరుచుకుని ఉంది. ఇంకా రెండు వేళ్ళు మిగిలాయి. వాటి గోళ్ళు కూడా తీశాను.