వీగో ఊళ్ళో ఒక మధ్యాహ్నం

ఫెలిస్మీనాకి మా కిసీకో సంతలో "ఐరోపా" అని పేరు. దంచిన కర్రపెండలం ఆకు అమ్ముకునే మనిషికి ఆ పేరేమిటని బయటి ఊళ్ళవాళ్ళు నవ్వుతారు. నవ్వితే నవ్వనీ. ఈ సంతలో కూర్చున్న వాళ్ళలో లిస్బన్ రేవు చూసిందీ, కేప్‌టౌన్ గాలికి తలగుడ్డ పోగొట్టుకుందీ ఆమె ఒక్కతే.

"ఐరోపా అత్తా, అక్కడి సముద్రం ఎట్లా ఉంటుంది?" అని కుర్రపిల్లలు ఆట పట్టిస్తారు.

"చల్లగా ఉంటుంది. ఆకు కొంటావా, కబుర్లు కొంటావా?" అంటుంది, రోకలి ఆపకుండానే.

అంతకు మించి చెప్పదు. చెప్పేదేదో గొంతులోనే మింగేస్తుందని సంతలో పక్కనే కూర్చునే నాకు ఎప్పుడూ అనిపించేది. ఆ మింగినదేమిటో ఇన్నేళ్ళకి తెలిసింది.

మా దేశంలో యుద్ధం ఆగిన మూడో ఏడు. ఫెలిస్మీనాకి పందొమ్మిదేళ్ళు. పెళ్ళికొడుకు వెనాన్సియో టింబిలా వాయిస్తాడు. చెక్క పలకలు వరసగా కట్టి, ఒక్కో పలక కింద ఒక్కో కాయబుర్ర తగిలించి, తేనెమైనంతో అతికించిన వాయిద్యం అది. మా వైపు ప్రతి ఊరికీ ఒక మేళం ఉంటుంది. వాళ్ళ మేళానికి పెద్ద సలాటియేల్. ఆయన్ని అందరూ మేస్త్రీ అనేవారు.

పెళ్ళికి ముందే రెండు విషయాలు ఖాయమైపోయాయి. ఒకటి, మేళం మొత్తం రెండు నెలల పాటు పోర్చుగల్, స్పెయిన్, ఫ్రాన్సు సముద్రపు ఊళ్ళ మీదుగా తిరిగి, కేప్‌టౌన్, డర్బన్‌లలో కూడా వాయించి రావాలి. రెండోది, ఆ తిరుగుడు అయిన మర్నాడే వెనాన్సియో జొహానెస్‌బర్గ్ దగ్గర బంగారు గనిలో దిగాలి. పద్ధెనిమిది నెలల ఒప్పందం. మధ్యలో ఇంటికి రావడం లేదు.

ఇక పెళ్ళయ్యాక ప్రయాణానికి మిగిలిన పది రోజులూ ఇంటి నిండా చుట్టాలే. కొత్త కోడలు తెల్లవారకముందే లేచి వాకిలి ఊడ్చాలి, నీళ్ళు మొయ్యాలి, అత్తలందరికీ వండాలి. మొగుడి ముఖం సరిగ్గా చూడ్డానికే తీరిక లేదు. ఒకసారి జీడిమామిడి తోపు దగ్గర ఎదురుపడ్డాడు.

"ఫెలీ, కొంచెం ఓర్చుకో," అన్నాడు గుసగుసగా. "విమానం ఎక్కితే ఈ మంద ఉండదు. రెండు నెలలు మనవే."

పాటలకి ఇద్దరు ఆడవాళ్ళు కావాలంటే మేస్త్రీ ఫెలిస్మీనా పేరే ముందు చెప్పాడు. రెండో మనిషి ఒలిండా, యాభై ఏళ్ళ విధవరాలు, నోటికి తాళం లేని మనిషి. ఫెలిస్మీనా మూట కట్టుకుంటూ పాడుకుంది. అంత సంతోషం ఆమెకి అంతకు ముందు తెలీదు.

బయల్దేరే పొద్దున మేస్త్రీ, వాయిద్యాలు దాచే తన కొట్టు గుమ్మం ముందు పెద్దలకి కల్లు ధార పోశాడు. ఎక్కడికి వెళ్తున్నామో, ఎప్పుడొస్తామో పోయినవాళ్ళందరికీ పేరు పేరునా చెప్పాడు. తరువాత వాయించేవాళ్ళ వైపు తిరిగాడు. వరసలో వెనాన్సియో కూడా ఉన్నాడు.

"ఒరేయ్, వినండి. ఈ వాయిద్యాలు మళ్ళీ ఈ గుమ్మం దాటి లోపలికొచ్చే దాకా ఎవడూ ఆడదాని పక్కన పడుకోకూడదు. కాదూ కూడదన్నారో, టింబిలా కట్టె పగులుతుంది. పరాయి దేశంలో నా పరువు తియ్యకండి."

వెనకాల నిలబడి ఫెలిస్మీనా కూడా వింది. వెనాన్సియో వెనక్కి తిరిగి ఒక్కసారి చూశాడు. ఆ చూపు చాలు.

అడగొచ్చు గదా అంటారు. ఎట్లా అడుగుతారండీ? వెనాన్సియో చనిపోయిన తండ్రి పేరు కూడా సలాటియేలే. మా దగ్గర పేరు ఒకటైతే మనిషీ ఒకటే. తండ్రి పోయిన నాటి నుంచీ మేస్త్రీని వెనాన్సియో "నాన్నా" అనే పిలుస్తాడు. ఆయన వస్తుంటే లేచి నిలబడతాడు. ఫెలిస్మీనాకి ఆయన మామగారు. మామగారి ఎదుట కోడలు తలెత్తకూడదు, కుర్చీలో కూర్చోకూడదు, నేరుగా మాట్లాడకూడదు. "నాన్నా, ఆ మాట మాక్కూడానా?" అని కొడుకు అడగడమంటే నడిబజార్లో గుడ్డలు విప్పుకోవడమే. ఆ సిగ్గు తెలిసిన వాళ్ళకి నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

లిస్బన్‌లో మగవాళ్ళంతా ఒక హాల్లో, ఆడవాళ్ళిద్దరూ ఒక గదిలో. నజరే అనే ఊళ్ళో అలలు తాటిచెట్టంత లేచాయి. అందరూ నోళ్ళు వెళ్ళబెట్టి అలల్ని చూస్తుంటే ఫెలిస్మీనా మొగుణ్ణి చూసింది. అతను రెండో వరసలో మూడో మనిషి. వాయించేటప్పుడు పై పెదవి కొంచెం బిగబడతాడు. ఆ సంగతి ఆమెకి అక్కడే తెలిసింది.

"ఏమే, నీ మొగుణ్ణి కళ్ళతోనే మింగేస్తావా ఏంటి?" అని ఒలిండా మోచేత్తో పొడిచేది. "కాస్త మాకూ మిగల్చవే."

"నువ్వు ఊరుకో అత్తా!"

"ఊరుకోక చేసేదేముంది? మా ఆయనతో నాలుగు మడుల దూరం కూడా వెళ్ళలేదు నేను. నువ్వు ఇంత దూరం వచ్చి కూడా నాకు తోడు పడుకుంటున్నావు. నీ రాత!"

పోర్టోలో జొసియాస్ అనే కుర్రాడి టింబిలా మీద ఒక పలక నిలువునా పగిలింది. ముందు రోజు సాయంత్రం వాడు వంటింటి పిల్లతో ఏటి ఒడ్డున తిరగడం నలుగురూ చూశారు. అందరి కళ్ళూ వాడి మీదే. మేస్త్రీ మాట్లాడకుండా కొత్త పలక చెక్కి, నిప్పు మీద కాచి, శ్రుతి చూసి బిగించాడు. ఆ రోజు వెనాన్సియో అన్నం ముట్టలేదు. అప్పటిదాకా అతని మనసులో ఎక్కడో కొంచెం ఆశ ఉండి ఉంటుంది, ఆ మాట ఉత్తిదేమోనని. పలకతో పాటు ఆ ఆశ కూడా పగిలింది.

ఆ తరువాత స్పెయిన్‌లో వీగో. అక్కడ మేళం ఆటలు ఏర్పాటు చేసే ఆవిడ కార్మీన్యా, లావుపాటి నవ్వు ముఖం మనిషి. ఒక మధ్యాహ్నం భోజనాలయ్యాక మొగుడూ పెళ్ళాలిద్దర్నీ చేతులు పట్టుకుని రేవు పక్కన హోటలుకి లాక్కుపోయింది. మూడో అంతస్తులో గది తలుపు తీసి, తాళంచెవి వెనాన్సియో చేతిలో పెట్టింది.

"రేపు సాయంత్రం దాకా మీదే. కొత్త పెళ్ళివాళ్ళని ఎవరూ పిలవరు," అని కన్ను గీటి వెళ్ళిపోయింది.

తెల్లటి దుప్పటి పరిచిన మంచం. బల్ల మీద గిన్నెలో ద్రాక్షపళ్ళు. పెద్ద కిటికీ అవతల సముద్రం, దీవులు. వాళ్ళిద్దరూ గుమ్మం దగ్గరే చాలాసేపు నిలబడిపోయారు.

"మేస్త్రీకి తెలిస్తే?" అంది ఫెలిస్మీనా.

"ఆయనకి తెలియకపోయినా కట్టెకి తెలుస్తుంది."

మంచం ఎక్కలేదు. నేల మీద కూర్చున్నారు, అతను ఆ గోడకి ఆనుకుని, ఆమె ఈ గోడకి ఆనుకుని. ద్రాక్షపళ్ళు మధ్యలో పెట్టుకుని తిన్నారు. గని గురించి చెప్పాడు. లోపల ఎండాకాలం కన్నా వేడిగా ఉంటుందట, లిఫ్టు దిగుతుంటే చెవులు మూసుకుపోతాయట, ఒకే గదిలో పన్నెండు మంది పడుకుంటారట.

"భయం లేదా?"

"ఉంది. నీకు గాక ఇంకెవరికి చెబుతాను?"

ఆ మాటకి ఆమెకి ఏడుపు ముంచుకొచ్చింది. లేచి వెళ్ళి అతని తల పొట్టకి హత్తుకోవాలనిపించింది. ముట్టుకుంటే ఆగలేమని ఇద్దరికీ తెలుసు. అతను జేబులోంచి ఉన్ని మేజోళ్ళు తీసి నేల మీదుగా ఆమె వైపు జరిపాడు.

"నీ కాళ్ళు చల్లబడుతున్నాయని ఒలిండా అత్త చెప్పింది. తొడుక్కో."

"నువ్వు తొడగవా?"

అతను తల అడ్డంగా ఊపాడు. అతని కళ్ళు ఎర్రబడ్డాయి. ఆమే తొడుక్కుంది. ఎండ కిటికీ మీంచి గోడ మీదకి పాకే దాకా అట్లా ఒకరినొకరు చూసుకుంటూ కూర్చున్నారు. ఆ చూపుల్లోనే కాపురం చేశారు పాపం. నాలుగు గంటలకి వెనాన్సియో లేచాడు.

"పోదాం ఫెలీ. ఇంకాసేపుంటే నావల్ల కాదు."

కింద కార్మీన్యా ఎదురై తెల్లబోయింది. మంచం మరీ మెత్తగా ఉందమ్మా, మాకు అలవాటు లేదు అని చెప్పి తాళంచెవి ఇచ్చేశాడు. మగవాళ్ళ హాల్లో కుర్రాళ్ళు ఊరుకుంటారా?

"ఏరా, అప్పుడే అయిపోయిందా?"

వెనాన్సియో పలకలు తుడుచుకుంటూ కూర్చున్నాడు. మేస్త్రీ ఆ మూలనించి ఒకసారి తలెత్తి చూసి మళ్ళీ దించుకున్నాడు.

ఫ్రాన్సులో వాన. కేప్‌టౌన్‌లో గాలి. డర్బన్‌లో సముద్రం వెచ్చగా తగిలే సరికి ఇంటి వాసన వేసి ఫెలిస్మీనా మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి ఏడ్చింది. అతను గనికి పోవడానికి ఇంకా నాలుగు రోజులే. మర్నాటి నుంచి ఆ నాలుగూ మూడయ్యాయి, రెండయ్యాయి.

జొహానెస్‌బర్గ్ బస్సు స్టాండులో అందరి మధ్యా అతను తన టింబిలా ఆమె తలకెత్తాడు.

"కొట్టు లోపల నువ్వే పెట్టు. ఎవరి చేతికీ ఇవ్వకు."

"అట్లాగే."

"చూశావుగా, ఒక్క పలక కూడా బీట తియ్యలేదు. ఇది మన వల్లే ఫెలీ. మన ఇద్దరి వల్లే. గనిలో చీకట్లో ఉన్నప్పుడు ఇదే తలుచుకుంటాను. ఇంత పని చేసిన వాణ్ణి, పద్ధెనిమిది నెలలు ఓర్చుకోలేనా?"

గని బండి వచ్చి తీసుకుపోయింది. చెయ్యి ఊపుదామంటే ఆమె రెండు చేతులూ తల మీది బరువుకే సరిపోయాయి.

కిసీకోలో దిగగానే ఇంటికి కూడా పోకుండా మేస్త్రీ కొట్టుకి వెళ్ళింది. గుమ్మం దాటి టింబిలాని దాని చోటులో పెట్టింది. మేస్త్రీ భార్య అటాలియా చాప వేసి మంచినీళ్ళు ఇచ్చింది. మేస్త్రీ గుమ్మం బయట చుట్ట కాల్చుకుంటున్నాడు.

"ఏమ్మా కోడలా, ఏమన్నా విశేషమా?" అని ముసలామె ఆమె నడుం వైపు చూసి నవ్వింది. "రెండు నెలలు సముద్రాల వెంబడి తిరిగారు గదా జంటగా!"

"విశేషం ఎక్కణ్ణించి వస్తుంది అత్తా? కట్టె పగులుతుందని మామగారు చెప్పారుగా."

అటాలియా పకపకా నవ్వింది. తరువాత పిల్ల ముఖం చూసి నవ్వు మానేసింది.

"ఏమయ్యోయ్, విన్నావా? నీ మాట వీళ్ళు కూడా పట్టుకున్నారటయ్యా!"

మేస్త్రీ చుట్ట అవతల పారేశాడు. మామా కోడళ్ళ మర్యాద మరిచిపోయి లోపలికి వచ్చేశాడు.

"అయ్యో తల్లీ! ఆ మాట ఆ పెళ్ళికాని వెధవల్ని అదుపులో పెట్టడానికి గదమ్మా! పరాయి ఊళ్ళలో ఆడపిల్లల వెంట పడితే ఎవడు వెతికి తెస్తాడు? మొగుడూ పెళ్ళాల్ని ఏ కట్టె ఆపుతుంది?"

"పోర్టోలో పగిలింది గదా," అంది ఆమె నేల చూస్తూ.

"పోర్టోలో వాడు దాన్ని గది వెచ్చబెట్టే వేడిగొట్టం పక్కన పెట్టి ఎండబెట్టాడు. నాకు తెలుసు. భయం ఉంటే మంచిదేలే అని ఊరుకున్నాను. వీగోలో ఆ గది ఎవరిప్పించారనుకున్నావు? కొడుకుతో ఎట్లా చెబుతాను? అందుకే కార్మీన్యా చెవిలో వేశాను. నాలుగింటికే తిరిగొస్తే, పోనీలే, పిల్లలు సిగ్గరులు అనుకున్నాను."

ఫెలిస్మీనాకి అన్నీ కళ్ళ ముందుకొచ్చాయి. ఆ తెల్ల దుప్పటి, ఆ ద్రాక్షపళ్ళు, గోడ మీద పాకిన ఎండ. కోపం వచ్చింది, ఆయన మీద, తన మీద, ఆ దిక్కుమాలిన సిగ్గు మీద. అప్పటికి వెనాన్సియో భూమి లోపల ఉన్నాడు.

"వాడికి కబురు పంపుతాను. నేనే క్షమించమంటాను," అన్నాడు మేస్త్రీ.

అప్పుడు ఆమె తలెత్తి మామగారి కళ్ళలోకి నేరుగా చూసింది. పుట్టి బుద్ధెరిగాక అంత తెగువ ఎప్పుడూ చెయ్యలేదు.

"చెప్పకండి మామయ్యా. ఆయన అక్కడ ఈ ఒక్క మాట పట్టుకుని బతుకుతున్నాడు. అది ఉత్తిదంటే ఆ చీకట్లో ఏం పట్టుకుంటాడు? మీకు దణ్ణం పెడతాను, ఎప్పటికీ చెప్పకండి."

మేస్త్రీ మాట నిలబెట్టుకున్నాడు. అటాలియా కూడా. ఇద్దరూ పోయారు.

వెనాన్సియో పద్ధెనిమిది నెలలకి వచ్చాడు, రెండు నెలలుండి మళ్ళీ వెళ్ళాడు. తరువాత మళ్ళీ ఒప్పందం, మళ్ళీ. పెళ్ళైన మొదటి పదేళ్ళలో ఇద్దరూ ఒక కప్పు కింద ఉన్నది ఏడాదిన్నర కూడా లేదు. ఇప్పుడు ఇంట్లోనే ఉంటాడు. గని దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి, వాకిట్లో కూర్చుని దగ్గుతుంటాడు. కుర్రాళ్ళు వస్తే మాత్రం ఆ కథ చెప్పకుండా వదలడు. ఐరోపా అంతా తిరిగి ఒక్క బీట లేకుండా తెచ్చాం, అది ఎవరి వల్లో నాకూ ఫెలీకీ తెలుసు అంటాడు. ఆమె ఆకు దంచుతూ ఉంటుంది.

పోయిన చలికాలంలో, దగ్గు బాగా ఎక్కువైన రోజున, ఆమె గంజి పట్టుకొస్తే చెయ్యి పట్టుకున్నాడట. ఇది ఆమె నాకు మొన్న చెప్పింది, రోకలి పక్కన పెట్టి, ఇన్నేళ్ళ తరువాత మొదటిసారి.

"ఫెలీ, ఒక్కోసారి అనిపిస్తుంది. ఆ రోజు ఆ గదిలో... ఏమో, పగిలేది కాదేమో. అనవసరంగా నిన్ను బాధపెట్టానేమో. నువ్వు చెప్పు, పగిలేదా?"

ఆమె గంజి గిన్నె కింద పెట్టి, అతని మేజోళ్ళు సరిగ్గా లాగి, రెండు పాదాలూ ఒళ్ళోకి తీసుకుంది.

"పగిలేదయ్యా," అంది. "నిలువునా పగిలేది."