వాగు కాడ మిగిలిన లాంతరు

నేను కార్వాన్ల పప్పుల దుకాణంల పుట్టి పెరిగినోణ్ణి. నా మాటను ఎవ్వలైనా సగం ధరకే కొంటరు, అది నాకెరుకే. కని ఈ ముచ్చటకు బేరం లేదు. ఒక్క గింజ ఎక్కువ లేదు, ఒక్క గింజ తక్కువ లేదు...

టీవీ ఇంకా మా గల్లీకి రాని దినాలు. నాలుగిండ్లకు ఒక తీగె ఉండేది. రేడియోలు బాగుజేసే యూసుఫ్ భాయ్ జుమ్మేరాత్ బజార్ల పాత ఫోన్లు నాలుగు దెచ్చి, మిద్దెల మీదికెళ్లి తీగె గుంజిండు. ఒక్కలు మాట్లాడితె ముగ్గురికి ఇనవడేది. ప్రతి శుక్రారం రాత్రి, దుకాణం కట్టేసినంక, ఆ తీగె మీద మా ఆట. ఎవలింట్ల వాళ్లు కూసోని, అందరం కలిసి ఒంటెల బిడారు నడిపేది. ఎడారి, దొంగలు, వాగులు... అన్నీ మాటలల్లనే. యూసుఫ్ భాయ్ ముందు నడిచి దారి జూపేటోడు. దవాఖానల నర్సు మేరమ్మక్క వైద్యం జేసేది. నేను బేరాలు జేసే సౌదాగర్, ఇంకేమైత. గవ్వలేసి ఎన్ని వడ్డయో నోటితోని చెప్పాలె. ఎవలికి కనవడది గద... నాకు ఎప్పుడూ ఆరే వడేటియి.

అందరికన్న ఎనక లాంతరు వట్టుకోని నడిచేది నర్సింగన్న. బస్సు కండక్టరు. ఆట అయినంక ఒక్కొక్కలం "చేరిన" అనాలె. ఆయన టికెట్ల పంచుతోని ఫోను మీద టక్ టక్ కొట్టి, లెక్కవెట్టి, "అందరొచ్చిండ్రు, రైట్" అంటెనే ఫోను వెట్టేది. ఆ మాట ఇనకుంటె నాకు నిద్ర వట్టకపోయేది.

అందర్ని వారం వారం కూడగట్టే పని నాది. అక్కకు రాత్రి డ్యూటీ వడితె ఇంకో నర్సమ్మను బతిమాలి మార్పిచ్చేది, కిలో కందిపప్పు తోని.

ఆ వానకాలం నర్సింగన్నకు గుండెనొప్పొచ్చింది. దవాఖానల వడ్డడు. మూడు దినాలు కండ్లు తెరువలే. శుక్రారమొచ్చింది. ఆయన లేని ఆటేందిరా అన్నది అక్క. నేను ఊకుంటనా... ఒక్కవారం దుకాణం మూస్తె గిరాకి పక్కకు వోతది, ఆయనొచ్చేటాళ్లకు ఆటనే ఉండది అని ఒప్పిచ్చిన. లాంతరు గూడ నేనే వట్టుకుంట అన్న. ఒక్క కిరాయికి రెండు మూటలు.

అంతటితోని ఆగినా బాగుండు. నా ఫోన్ల బ్యాటరీ సెల్లులు అయిపోయినయి, అవి లేకుంటె మాట వోదు. కొత్తయి ఎందుకు దండుగ అని నర్సింగన్న ఇంటికి వోయిన. వదినె సద్దిగిన్నె వట్టుకోని దవాఖానకు బయలెల్లుతున్నది. అడిగిన.

"తీస్కో రాజేశం" అన్నది. నా మొకం దిక్కు చూడలే.

ఆయన ఫోన్లకెళ్లి రెండు సెల్లులు దీసుకున్న. తలుపుకు తాళమేసి తాళంచెవి ఆమె చేతిల వెట్టిన.

రాత్రి ఒకటే వాన. ఆటల గూడ వాగు పొంగింది. మూటలు, ఒంటెలు, అన్నీ దాటిచ్చినం. యూసుఫ్ భాయ్ "చేరిన" అన్నడు. అక్క "చేరిన". నేను "చేరిన".

ఇగ ఆ ఆఖరి మాట నేనే అనాలె... నోరు రాలే.

తీగెల గర్ర్ మంటున్నది. వాన సప్పుడు. అక్క శ్వాస...

టక్... టక్.

నా చెవి కాడనే.

"ఒకలు తక్కువున్నరు."

మెల్లగ. అలిసిపోయిన గొంతు. ఆయనదే...

"లాంతరు వాగు కాడనే ఉన్నది. ఫోను వెట్టకుండ్రి... వస్తున్న."

మల్ల గర్ర్... అంతే.

యూసుఫ్ భాయ్ ఎవల గొంతైనా తీస్తడు. నువ్వేనా అని అడిగిన. "కసమ్ సే, నేను గాదు రాజేశం" అన్నడు. చెప్పుకుంటనే ఏడుస్తున్నడు.

ఎవలం ఫోను వెట్టలే. అక్క నడుమ నడుమ "ఉన్నం అన్నా..." అనేది. నేను గూడ "ఉన్న" అనేది. చెయ్యి తిమ్మిరెక్కింది. పొద్దుగాల అజాన్ అయ్యేదాంక గట్లనే.

తెల్లారంగ నర్సింగన్న ఇంటికి ఉరికిన. తాళం నేనేసిందే, నేనేసినట్టే ఉన్నది. అక్కతోని దవాఖానకు వోయిన. వదినె మెట్ల మీద కూసున్నది. జర సేపటి కిందనే నర్సింగన్న కండ్లు తెరిచిండట.

"వాళ్లు ఇంకా ఫోను వట్టుకోనే ఉన్నరా, పండుకోమను అంటున్నడు. ఏందో పలవరింత" అన్నది.

వచ్చేటప్పుడు రెండు కొత్త సెల్లులు కొన్న. చెప్పిన ధర ఇచ్చిన. దుకాణపాయన నాకు పానం బాగలేదేమో అనుకున్నడు. వదినెను తాళంచెవి అడిగి తీస్కపోయి, ఆయన ఫోన్ల నా చేతుల్తోనే ఏసిన.

నర్సింగన్న ఇంటికొచ్చినంక మొదటి శుక్రారం అడిగిన. అన్నా... ఆ రాత్రి వచ్చింది నువ్వేనా?



"సౌదాగర్... ఇయ్యాల గవ్వలు ఎన్ని వడ్డయో ముందు నువ్వు నిజం జెప్పు" అన్నడు.

"రెండే" అన్న.

నవ్విండు. టక్ టక్ కొట్టిండు. అందరొచ్చిండ్రు, రైట్ అని ఫోను వెట్టేసిండు.

నా నిజం నేను ఇచ్చేసిన... ఆయనది ఇప్పటిదాంక రాలే.