పూత ఆగని నిమ్మచెట్టు

మా ఇంటి వెనక నిమ్మచెట్టుకి ఒక కట్టుబాటు ఉంది. దాని కాయలు ఇంట్లో ఒక్క మనిషే కొయ్యాలి. నీళ్ళు పొయ్యడం, ఎండుపుల్ల విరవడం, మొదలు దగ్గర మొలిచే ముళ్ళ కొమ్మలు కొట్టెయ్యడం కూడా ఆ మనిషి పనే. చెట్టు మీద పూతగానీ పిందెగానీ ఉన్నన్నాళ్ళు ఆ మనిషి రాత్రి ఇల్లు విడిచి ఇంకోచోట పడుకోకూడదు. నేను కాపురానికి వచ్చిన మూడో నెలలో మా అత్త నా చేతిలో ఒక చిన్న కత్తి పెట్టింది. "ఇకనుంచి దీనికి నీ సెయ్యే," అంది. నాకప్పుడు పద్దెనిమిదేళ్ళు. ఇంటికి పెద్దరికం ఇచ్చారనుకుని సంబరపడ్డాను.

మాది అరకు దారిలో టైడా రైల్వే స్టేషన్‌కి ఎగువన రోడ్డు పక్క ఇల్లు. మా మామ చిన్నప్పుడే మైదానం నుంచి కొండ మీదికి వచ్చిన కుటుంబం. మా ఆయన రోడ్డు వారన పాకలో బొంగు చికెన్ అమ్ముతాడు. వెదురు గొట్టం దులిపి ఆకులో పోసి, పక్కన మా నిమ్మకాయ చెక్క పెడతాడు. తినేవాళ్ళు పిండబోతూ ఆగి, ఆ చెక్కని ముక్కు దగ్గర పెట్టుకుంటారు. ఇదేం నిమ్మ అని అడుగుతారు. "మా ఇంటి నిమ్మ బాబూ. ఇంకెక్కడా దొరకదు," అంటాడాయన. ఇరవై నాలుగేళ్ళుగా అదే జవాబు.

ఆ మాట అబద్ధం కాదు. కాయ కోడిగుడ్డంత ఉంటుంది, చివర చిన్న మొన. తొక్క పల్చన, లోపల గింజలు రెండో మూడో. ఆకు నలిపితే నిమ్మవాసన వెనకాల సోపు వాసన లాంటిది ఒకటి తగులుతుంది. పై కొమ్మలకి ఒక్క ముల్లు లేదు, కళ్ళు మూసుకుని చెయ్యి దూర్చి కోసుకోవచ్చు. వీటన్నిటినీ మించిన వింత ఇంకొకటి. పువ్వు, పిందె, పచ్చికాయ, పండు అన్నీ ఒకే కొమ్మ మీద ఏడాది పొడుగునా ఉంటాయి. వానలు ఎడతెగకుండా కురిసేటప్పుడూ ఉంటాయి, మంచుకి వేళ్ళు కొంకర్లుపోయే నెలల్లోనూ ఉంటాయి.

మొదటి ఏడాది ఆ సంగతి నాకు తెలీదు. మా ఊళ్ళో నిమ్మకి కాపు అయిపోయాక విరామం ఉంటుంది. పూత ఆగాక అమ్మ దగ్గరికి వెళ్ళి వారం ఉండి వద్దామనుకున్నాను. పూత ఆగలేదు. మరుసటి ఏడూ ఆగలేదు. అమ్మ పోయినప్పుడు మొదటి బస్సుకి కొండ దిగి, ఆఖరి బస్సుకి ఎక్కి వచ్చేశాను. చిన్నదినం కూడా చూడలేదు. విశాఖపట్నం నుంచి వచ్చిన వాళ్ళకి ఎన్ని వేలసార్లు బల్ల తుడిచి ఉంటానో, ఆ ఊళ్ళో మాత్రం ఒక్క పూట గడపలేదు.

కిందటేడు మా అమ్మాయిని విజయనగరం సంబంధానికి ఇచ్చి ఇక్కడే పెళ్ళి చేశాం. దానికి అత్తగారు లేరు. నెల తప్పిందని తెలిశాక, మొదటి కానుపుకి ఇంటికి తెచ్చుకుందామనుకున్నాం. బీపీ ఎక్కువగా ఉంది, కొండ ఎక్కించొద్దు, పెద్దాసుపత్రికి దగ్గరలో ఉండాలి అని డాక్టరు చెప్పింది. మా గుంట నాకు ఫోన్ చేసింది.

"అమ్మా, కానుపుకి నువ్వే రావాలి. నాకు బయంగా ఉంది."

"వత్తాను. రాకుండా ఎలాగుంటాను?" అన్నాను. ఫోన్ పెట్టేసి వెనక్కి వెళ్తే చెట్టు తెల్లగా పూసి ఉంది.

అత్తనడిగాను. ఆమె కోపం చేసుకోలేదు. "పూత నేని వారం సూసుకుని ఎల్లు. నానేటి అడ్డుకుంటానా?" అంది.

అందుకని పూత లేని వారం కోసం వెతకడం మొదలుపెట్టాను. అంతకు రెండేళ్ళ ముందే, నలభై దాటాక, పొదుపు సంఘం ఆడవాళ్ళతో కలిసి అంగన్‌వాడీలో అక్షరాలు నేర్చుకున్నాను. సంతకం, బస్సు బోర్డు, రేషన్ చీటీ దాటి నాకు వాటితో పని పడలేదు. ఇప్పుడు పడింది. ఒక నోటు పుస్తకం కొని, ప్రతి సోమవారం చెట్టు చుట్టూ తిరిగి రాసుకున్నాను. తూర్పు కొమ్మ పూత ఉంది. పడమటి కొమ్మ పిందె ఉంది. పిందె కొంచెం రాలింది. ముల్లు రెండు మొలిచింది, కొట్టాను. ఒక్కో మాటకి చాలాసేపు పట్టేది. మనసులోంచి తీసి నేను రాసిన మొదటి మాటలు అవే.

ఆరు నెలలు రాశాను. తూర్పు కొమ్మ ఆగితే పడమటిది పూసేది, రెండూ ఆగితే నడి కొమ్మ అందుకునేది. ఒక మధ్యాహ్నం నడి కొమ్మ పట్టుకుని గట్టిగా ఊపాను. పూలు నెత్తి మీద పడ్డాయి. వెనక నుంచి అత్త గొంతు వినిపించింది.

"ఏటి సేత్తన్నావు?"

"పురుగు సూత్తన్నానత్తా."

"సెట్టుని ఊపితే పురుగు కనపడతాదేటి? సంటిపిల్లని ఊపినట్టు ఊపుతున్నావు," అని నవ్వి, కర్ర ఊతం చేసుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. ఆ తరవాత పూల జోలికి వెళ్ళలేదు.

పూత లేని వారం దొరకలేదు కానీ, పుస్తకం తిరగేస్తుంటే ఇంకొకటి కనిపించింది. ముళ్ళ కొమ్మ ఎప్పుడు మొలిచినా ఎక్కడ మొలిచిందో రాసుకున్నాను. ప్రతిసారీ కిందే. నేల నుంచి జానెడు ఎత్తులో మానుకి గాజు తొడిగినట్టు ఒక బుడిపె ఉంది. ముల్లు ఆ బుడిపె కిందే వచ్చేది, పైన ఎన్నడూ రాలేదు. దాని ఆకు కూడా వేరు. నలిపితే సోపు వాసన లేదు. మా ఇంట్లో అందరికీ తెలిసిన మాట ఏమిటంటే, కాపాడే మనిషి వదిలి వెళ్తే చెట్టు అలిగి ముళ్ళు పోసుకుంటుందని. అలకైతే పైన ఎందుకు రాదు? ఈ మాట ఎవర్ని అడగాలో తెలియలేదు.

గుంటకి తొమ్మిదో నెల వచ్చింది. కాఫీ, మిరియాల తోటలు చూడ్డానికి పైకి వచ్చే ఉద్యానశాఖ ఆయన ఒకడు మా పాకలో భోజనానికి ఆగాడు. ఎప్పటిలాగే చెక్క వాసన చూసి అడిగాడు. మా ఆయన జవాబు పూర్తి కాకముందే నేను అందుకుని, "ఒకపాలి సెట్టు సూత్తారా బాబూ?" అన్నాను.

ఆయన చెయ్యి కడుక్కుని వచ్చాడు. పైన చూసి ఆకు తుంచాడు, నలిపాడు, మళ్ళీ వాసన చూశాడు. తరవాత గొంతుక్కూర్చుని ఆ బుడిపె మీద వేలు పెట్టాడు.

"అమ్మా, ఇది ఒక చెట్టు కాదు. రెండు."

"రెండేటి బాబూ?"

"అంటు కట్టిన మొక్క. కింద ఉన్నది జంభీరి. మొండిది, ముళ్ళది, ఏ నేలైనా పట్టుకుంటుంది. పైది వేరే నిమ్మ. అదేం రకమో నాకూ తెలీదు. ఈ వాసన నేను ఇంకెక్కడా చూళ్ళేదు. కింద నుంచి కొమ్మ వస్తే తీసెయ్యాలి. వదిలేస్తే బలమంతా అదే లాక్కుంటుంది. పైది ఎండిపోతుంది."

"ఎవలు తీసినా పర్నేదా?"

ఆయనకి ప్రశ్న అర్థం కాలేదు. "కత్తి ఉన్నవాళ్ళు ఎవరైనా తీస్తారు కదమ్మా."

"వారం రోజులు తియ్యకపోతే?"

"వారానికేం కాదు. రెండు నెలలు గాలికి వదిలేస్తే చెప్పలేం." లేస్తూ అడిగాడు. "ఎక్కడ తెచ్చారు దీన్ని?"

ఇరవై నాలుగేళ్ళు దాన్ని సాకాను. ఎక్కడిదో నాకు తెలీదు. అత్తని అడుగుతానన్నాను.

అత్త అరుగు మీద రాజ్మా కాయలు ఒలుస్తోంది. ఎదురుగా కూర్చుని నేనూ ఒలవడం మొదలుపెట్టాను.

"అత్తా, ఈ సెట్టు ఎక్కడిది?"

"మీ మావ తెచ్చినాడు. రైలోళ్ళ బంగళాలో తోటపని సేసీవోడు కాదా? అక్కడి పెద్దాయన ఎక్కడినుంచో మొక్కలు తెప్పించినాడంట. ఆయనకి బదిలీ అయిపోతే ఒక మొక్క మిగిలిపోనాది. నాను నాటినాను."

"మరి ఈ కట్టుబాటు ఎవలు పెట్టినారు?"

ఇంకో నాలుగు కాయలు ఒలిచింది. "నాను రెండుతూర్లు పారిపోనాను," అంది.

"ఎక్కడికి?"

"ఎక్కడికేటి, మాయమ్మ కాడికి. పదిహేడేళ్ళ గుంటని. ఇక్కడ సలి, పలకరించీవోలు నేరు. రెండోతూరి నెలన్నర ఉండిపోనాను. మా నాన్న తెచ్చి దింపేసినాడు. సూత్తే సెట్టు నడుం దాకా ముళ్ళు. పైనున్న పిందంతా రాలిపోనాది. మా అత్త నా సెయ్యి అట్టుకుని తీసుకెల్లి సూపించింది. నువ్వు నాటిన సెట్టు, నువ్వెల్లిపోతే ఎలాగైపోనాదో సూడు అంది. ఇంక ఎల్లనేదు."

"నమ్మినావా?"

"నమ్మినాను. మరి కళ్ళతో సూసినాను కదా." గింజలు దోసిట్లోకి తీసి చేటలో పోసింది. "శానాళ్ళకి నాకు జొరం తగిలి ఇరవై రోజులు మంచం దిగనేదు. మీ మావే ముళ్ళు కొట్టినాడు, ఆడే కాయలు కోసినాడు. సెట్టుకి ఏటీ అవనేదు."

"అయితే ఏటీ నేదని నీకు తెలుసు."

"తెలుసు."

"తెలిసి నా సేతికి కత్తెందుకిచ్చినావత్తా?"

ఆమె నా వైపు చూడలేదు. "నువ్వూ పారిపోయీలాగే ఉండీదానివి. వచ్చిన కాడినుంచి రోడ్డుకేసే సూసీదానివి. నువ్వెల్లిపోతే ఈ కొండమీద నాకెవలున్నారు?"

కాయలన్నీ అయిపోయేదాకా ఇద్దరం ఒలిచాం.

మర్నాడు సంచి సర్దుకున్నాను. అత్త వద్దనలేదు. కత్తి మా ఆయన చేతికిచ్చాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "నా సెయ్యి పనికొత్తాదంటావా?"

"మీ నాన్న సెయ్యి పనికొచ్చింది. నీది రాదా మావా?" అని బస్సెక్కాను.

విజయనగరంలో నాలుగు రోజులున్నాను. గుంటకి తల దువ్వాను, ఉప్పు లేకుండా వండిపెట్టాను, ఉబ్బిన కాళ్ళకి నూనె రాశాను. పెళ్ళయ్యాక మొదటిసారి ఇంకో కప్పు కింద నిద్ర లేచాను. లేవగానే కత్తి కోసం తలాపున తడుముకుంటే గుంట నవ్వింది. అంటు సంగతీ, మా అత్త చెప్పిన సంగతీ దానికి పూసగుచ్చినట్టు చెప్పాను. "అయితే అమ్మమ్మ పోయినప్పుడు కూడా ఉండొచ్చన్నమాట," అంది. అవునన్నాను.

నాలుగో రోజు మా ఆయన ఫోన్ చేశాడు.

"ఓలే, ముళ్ళు లేసినాయి. రెండు."

"కొట్టెయ్ మావా."

"అమ్మ గుమ్మంలో కూకుని సూత్తంది. నాకు సెయ్యాడ్డం నేదు. పిందె కూడా రాల్తంది."

పిందె ప్రతి నెలా రాలుతుంది. నా పుస్తకంలో నా చేత్తోనే రాసి ఉంది. ముళ్ళు ఎందుకు వస్తాయో తెలుసు. వారానికి ఏమీ కాదని తెలుసు. అన్నీ తెలిసినా అన్నం పళ్ళెం పక్కన పెట్టి లేచాను.

"డాక్టరమ్మ ఇంకా వారం ఉందంది కదే. ఒక్క పూట ఎల్లి వచ్చేత్తాను," అన్నాను గుంటతో.

"ఎల్లకమ్మా."

"బేగి వచ్చేత్తాను. రేపు మొదటి బస్సుకే."

"నాన్నకి సేతుల్లేవా?" అని గుంట గోడవైపు తిరిగి పడుకుంది.

ఇల్లు చేరేసరికి ఇంకా వెలుతురుంది. చెప్పులు కూడా విడవకుండా వెనక్కి వెళ్ళాను. ముళ్ళ కొమ్మలు రెండు, ఒక్కోటీ వేలంత పొడుగు. చెట్టు కింద గుప్పెడు పిందె. రెండు దెబ్బలతో కొట్టేశాను. అత్త గుమ్మం పట్టుకుని నిలబడి, "వచ్చేసినావా?" అంది. ఆ గొంతులో సంతోషమే ఉంది. అందుకు ఆమెను ఏమీ అనలేకపోయాను.

తెల్లారకముందే అల్లుడి ఫోన్. బీపీ పెరిగిపోయి ఆపరేషన్ చేశారు, ఆడపిల్ల, ఇద్దరూ క్షేమం. ఆసుపత్రికి తీసుకెళ్తుంటే గుంట నన్నే పిలిచిందని చెప్పి, తరవాత చెప్పకుండా ఉండాల్సింది అనుకున్నాడేమో, ఆగిపోయాడు.

మొదటి బస్సుకి కొండ దిగాను. గుంట మంచం మీద వెల్లకిలా పడుకుని ఉంది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

"సెట్టు బాగుందా?" అంది.

"బాగుంది."

"ఏటీ అవదని నీకు తెలుసు కదమ్మా. నువ్వే కదా సెప్పావు, అంటు మొక్కని."

"తెలుసు."

"తెలిసే ఎల్లావా?"

"తెలిసే ఎల్లాను."

పక్కనున్న పిల్ల కదిలితే, ఎత్తుకోమని గుంట కళ్ళతో చెప్పింది. పిల్లని ఒళ్ళోకి తీసుకున్నాను. రెండు చేతులూ దాని కిందే ఉన్నాయి. అప్పుడే సంచిలో ఫోన్ మోగింది. ఇంటి నుంచే. ఆగి, మళ్ళీ మోగింది. గుంట నా మొహంలోకే చూస్తోంది. నేను లేవలేదు.

పదకొండో రోజు పురిటి స్నానం అయ్యేదాకా అక్కడే ఉన్నాను. ఆ పదకొండు రోజులూ, పిల్లకి నీళ్ళు కాస్తున్నా, బట్టలు ఉతుకుతున్నా, అరకు వెళ్ళే బస్సు ఈ పాటికి ఎక్కడ ఉండి ఉంటుందో లెక్క కట్టుకుంటూనే ఉన్నాను.