నెట్ పోలేదని కోపం

ఇవాళ ముక్త్యాల రోడ్డులో ఓ సిమెంటు ఫ్యాక్టరీ ఆఫీసులో స్విచ్‌లు రీబూట్ చేయడానికి నందిగామ నుంచి వెళ్లా. కరెంటు స్విచ్‌లు కాదండోయ్, కంప్యూటర్లన్నిటికీ నెట్ పంచే పెట్టెలు. రెండింటినీ జత కలిపి ఉంచుతాం. ప్రతి గదికీ రెండింటి నుంచీ వైర్లుంటాయి కాబట్టి, ఒకటి ఆపితే రెండోది నెట్‌ని లాక్కొస్తుంది. మొదటిది పూర్తిగా లేచాకే రెండోదాన్ని ముట్టుకోవాలి. తొందరపడి రెండూ ఒకేసారి ఆపామా, సరుకు లారీల్ని తూచే కాటా ఆగిపోయి, అవి జగ్గయ్యపేట సెంటర్ దాకా నిలబడిపోతాయి.

ఎందుకైనా మంచిదని "అరగంట నెట్ ఉండకపోవచ్చండి" అని ముందే చెప్పా. ఆఫీసంతా హుషారుగా లేచి మిరపకాయ బజ్జీలకి మనిషిని పంపారు. నేనేమో ఒకదాని తర్వాత ఒకటి నిదానంగా చేసుకొచ్చా. నెట్ ఒక్క క్షణం కూడా పోలేదు. అది చూసిన మేనేజర్ గారు అందర్నీ మళ్లీ సీట్లలో కూర్చోబెట్టేశారు.

బిల్లింగ్ మేడమ్ గారు నేరుగా నా దగ్గరికొచ్చారు.

"అరగంట పోతుందన్నారు కదండీ?"

"పోకుండా చేశానండి."

"ఎవరు చేయమన్నారండీ మిమ్మల్ని?"

పని సరిగ్గా చేసి తిట్లు తిన్నవాళ్లు ఇంకెవరైనా ఉంటే కామెంట్లలో చెప్పండి, కాస్త ధైర్యంగా ఉంటుంది. నెట్ పోతే తిడతారని ఎప్పట్నుంచో తెలుసు. పోకపోతే బజ్జీ పెట్టరని మాత్రం ఇవాళే తెలిసింది.